నోరు కట్టుకోమనే ముందు

పోయిన నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు ఓపీ బయట బెంచీ మీద నా పక్కన ఒక కుర్రాడు, వాళ్ళమ్మ కూర్చున్నారు. అతనికి 22 ఏళ్ళుంటాయేమో. కిడ్నీ మార్పిడి జరిగి 8 నెలలైందట, ఇచ్చింది ఆవిడే. పేరు పిలిస్తే ఇద్దరూ లోపలికెళ్ళి అయిదు నిమిషాల్లో బయటికొచ్చారు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, వచ్చి కూర్చోగానే ఆవిడ అన్న మాట నా చెవిన పడింది. "నేను కిడ్నీ ఇచ్చింది నువ్విలా ఒళ్ళు పెంచుకుని దాన్ని పాడుచేసుకోడానికా? కాస్త నోరు కట్టుకోలేవా?" ఆ అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. చేతిలో ఉన్న రిపోర్టు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

ఆవిడ కోపం నాకు అర్థమైంది. ఆ అబ్బాయి మౌనం ఇంకా బాగా అర్థమైంది. మా అక్క నాకు కిడ్నీ ఇచ్చి ఆరేళ్ళు దాటింది. మొదటి 13 నెలల్లో నేను 14 కిలోలు పెరిగాను. 47 నుంచి 61కి. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ అనని మాటలన్నీ నన్ను నేనే అనుకున్నాను.

ఈ ఆరేళ్ళలో చదివినవీ, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవీ, నా ఒంట్లో చూసుకున్నవీ కలిపి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. మార్పిడి తర్వాత బరువు చూసుకోవడం కూడా వైద్యంలో భాగమే. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ అనే మందు రక్తంలో ఎంత ఉందో, ఆ లెవెల్‌ని మొదటి వారం నుంచి ఎంత పట్టుగా చూస్తారో బరువునీ అంతే పట్టుగా చూడాలి. పెరుగుతున్నంత కాలం ఊరుకుని, పెరిగాక పేషెంటు నోటిని తప్పుపట్టడం అన్యాయం. ప్రమాదం కూడా.

తూకం మిషన్ మీద నీళ్ళ లెక్క

డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి బరువంటే నీళ్ళే. మూడేళ్ళపాటు వారానికి మూడుసార్లు తూకం మిషన్ ఎక్కాను, మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి. తేడా అంతా లోపల చేరిన నీరు, లీటరుకి కిలో. నా డ్రై వెయిట్, అంటే అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు, 47 అని ఫైలు మీద రాసుండేది. రెండు డయాలసిస్‌ల మధ్య రెండు కిలోలు దాటి పెరిగితే టెక్నీషియన్ ముఖం చూడాలంటే భయం వేసేది. ఆ మూడేళ్ళలో నా కండ ఎంత కరిగిందో ఎవరూ కొలవలేదు, నేనూ అడగలేదు. కండ కరిగి ఆ చోట నీరు చేరినా మిషన్ మీద అదే అంకె కనిపిస్తుందని అప్పట్లో నాకు తెలీదు.

మార్పిడి తర్వాత డిశ్చార్జి చేస్తూ, రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకుని పుస్తకంలో రాయమన్నారు. అదీ నీళ్ళ లెక్కే. ఒక్క రోజులో కిలో దాకా పెరిగినా, కాళ్ళు వాచినా, మూత్రం తగ్గినా వెంటనే ఫోన్ చేయాలి, అది రిజెక్షన్‌కి, అంటే ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొట్టడానికి గుర్తు కావచ్చు. నేను చాలా శ్రద్ధగా రాశాను. ఒకరోజు 100 గ్రాములు ఎక్కువ, ఇంకోరోజు 50 తక్కువ. ఏ రోజూ కిలో దాటలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. రోజుకి 40 గ్రాములు పెరిగితే చాలు, ఏడాది తిరిగేసరికి 14 కిలోలు దాటుతుంది. ఆ లెక్క నా పుస్తకంలోనే ఉంది. వెనక్కి తిప్పి చూసినవాళ్ళు లేరు, నాతో సహా.

ఆ ఆకలి ఎక్కడిది?

కిడ్నీలు పనిచేయనప్పుడు నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఉంటుంది. వాసన తగిలితే వికారం. అలాంటి నాకు ఆపరేషన్ అయిన నాలుగో రోజు పక్క మంచం వాళ్ళ భోజనం వాసన వచ్చి ఏడుపొచ్చింది. ఆకలేసి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే ఆంక్షలు తొలగాయి. మూడేళ్ళపాటు పొటాషియం భయంతో ముట్టని అరటిపండు తిన్నాను. రోజుకి లీటరు లోపే అన్న నీళ్ళు ఇప్పుడు రెండున్నర లీటర్లు తాగమన్నారు. జైలు నుంచి వచ్చిన మనిషిని లెక్కపెట్టుకుని నడవమంటే నడుస్తాడా?

దానికి తోడు రిజెక్షన్ రాకుండా వేసుకునే స్టెరాయిడ్, ప్రెడ్నిసోలోన్. ప్రెడ్నిసోలోన్ ఆకలి మామూలు ఆకలి లాంటిది కాదు. తిని, చేయి కడుక్కుని, తుడుచుకునేలోపే మళ్ళీ మొదలవుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఏదో ఒకటి తింటేగానీ నిద్రపట్టేది కాదు. ఆ మందు పెట్టే కొవ్వు కూడా ఒంటినిండా సమంగా చేరదు. బుగ్గల మీద, మెడ వెనక, పొట్ట చుట్టూ చేరుతుంది. అదే సమయంలో తొడల్లోనూ చేతుల్లోనూ ఉన్న కండని కరిగిస్తుంది. రక్తంలో చక్కెర పెంచుతుంది. టాక్రోలిమస్ ఇంకో వైపు నుంచి పాంక్రియాస్ మీద పనిచేసి ఇన్సులిన్ తగ్గిస్తుంది. ఈ రెండు మందులూ కలిసి ఉన్న ఒంట్లో ఒక ముద్ద ఎక్కువ తినడానికీ, ఆరోగ్యంగా ఉన్న మనిషి అదే ముద్ద తినడానికీ చాలా తేడా ఉంది.

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం చేసిన మొట్టమొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో, ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే పోలికున్న కవలలు. అందుకే రిజెక్షన్ ఆపే మందుల అవసరమే రాలేదు. మా అక్కా నేనూ కవలలం కాదు. నాలాంటి వాళ్ళకి మార్పిడి సాధ్యమైందే ఈ మందుల వల్ల. 1960ల్లో అజాథయోప్రిన్‌తో పాటు స్టెరాయిడ్ పెద్ద మోతాదుల్లో ఇచ్చేవారు. 1980ల్లో సైక్లోస్పోరిన్, 1990ల్లో టాక్రోలిమస్ వచ్చాక స్టెరాయిడ్ మోతాదు బాగా తగ్గింది. ఈ మందులంటే నాకు ఫిర్యాదు లేదు, కృతజ్ఞతే ఉంది. నేనడిగేదల్లా ఒకటే. ఆ మాత్రలు ఏం చేస్తాయో తెలిసే ఇస్తున్నప్పుడు, వాటి ఫలితాన్ని నా బలహీనతగా ఎందుకు రాస్తారు?

అలాగని తప్పంతా స్టెరాయిడ్ మీదకి తోసేస్తే అదీ నిజం కాదు. స్టెరాయిడ్ లేకుండా నడిపించే పేషెంట్లు కూడా బరువు పెరుగుతూనే ఉన్నారు. తిరిగొచ్చిన రుచి, పోయిన ఆంక్షలు, ఏళ్ళ తరబడి కదలని ఒళ్ళు, కుట్లు ఊడతాయేమోనన్న భయం అన్నీ కలుస్తాయి. నేనైతే డాక్టర్లు బరువులెత్తొద్దన్న రెండు నెలల్ని ఏడాదంతా పాటించాను.

అందరికీ నచ్చిన కిలోలు

ఆ ఏడాది చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. "ముఖంలో కళ వచ్చింది", "ఇప్పుడు మనిషిలా ఉన్నావు". వాళ్ళది తప్పు కాదు. చిక్కిపోయి, చర్మం నల్లబడి, మెడలో కాథెటర్‌తో నన్ను చూసిన కళ్ళవి. పైగా డయాలసిస్ రోజుల్లో ఒళ్ళు ఉండటమే మంచిది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో బక్కగా ఉన్నవాళ్ళకంటే ఒళ్ళున్నవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతున్నట్టు చాలా పరిశోధనల్లో కనిపించింది. నిన్నటిదాకా కాపాడిన ఒళ్ళే ఇవాళ్టి నుంచి బరువని ఇంట్లోవాళ్ళకి ఎవరు చెప్పాలి?

ఓపీలోనూ అంతే. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష అంకె క్రియాటినిన్ 0.9, పెరిగితేనే భయం. టాక్రోలిమస్ లెవెల్ సరిగ్గా ఉంది. బీపీ పరవాలేదు. "చాలా బావుంది, రెండు నెలల తర్వాత రండి." నర్సు ప్రతిసారీ నా బరువు చూసి ఫైల్లో రాసేది. 49, 52, 55, 58. అంకె రాశారు గానీ ఎవరూ చదవలేదు. కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళని ఎలా చూసుకోవాలో చెప్పే కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. ప్రతి విజిట్‌లో ఎత్తూ బరువూ కొలిచి, ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎమ్‌ఐ లెక్కకట్టాలనీ, స్థూలకాయం ఉన్న ప్రతివారికీ బరువు తగ్గే కార్యక్రమం ఇవ్వాలనీ వాటిలో ఉంది. వాటిని చదివిన రోజు నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది.

13వ నెలలో, రెండు మూడు నెలల సగటు చక్కెరని చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.9 వచ్చింది. షుగర్. ఆ రోజు మొదటిసారి డాక్టరుగారు నా బరువు గురించి మాట్లాడారు. "తిండి తగ్గించాలమ్మా. వాకింగ్ చేయాలి." అంతే, ఆ రెండు వాక్యాలు. ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి షుగర్ సంగతి చెప్పలేకపోయాను. నాలుగు రోజులు పట్టింది చెప్పడానికి.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. మొదటి ఆర్నెల్లు వాళ్ళు చూసేది రిజెక్షన్, ఇన్‌ఫెక్షన్. అవి కిడ్నీని వారాల్లో తీసేయగలవు, కిలోలు అలా తీసేయవు. ఏది ముందు చూడాలో వాళ్ళకి బాగా తెలుసు. పైగా మనలో చాలామంది ఎముకల గూళ్ళలా ఆపరేషన్‌కి వెళ్తాం. కుట్లు మానడానికి మొదటి వారాల్లో ప్రోటీన్ ఎక్కువే కావాలి, కిలో బరువుకి 1.3 నుంచి 1.5 గ్రాముల దాకా. అప్పుడే "తగ్గు" అంటే అది హాని. నాకు మొదట కలిసిన నాలుగైదు కిలోలు అవసరమైనవే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో అనుమానం నన్ను చాలాకాలం వెంటాడింది. రెండో నెలలోనే ఎవరైనా హెచ్చరించి ఉంటే నేను వినేదాన్నా? వినేదాన్ని కాదేమో. మూడేళ్ళ తర్వాత రుచి తెలిసిన మనిషికి హెచ్చరిక ఎక్కదు. కానీ ఆరో వారం డైటీషియన్ దగ్గరికి, మూడో నెల మళ్ళీ ఒకసారి అని కార్డు మీద రాసి ఇచ్చుంటే తప్పకుండా వెళ్ళేదాన్ని. ఎందుకంటే ఆ ఏడాది కార్డు మీద రాసిన ఒక్క తేదీ కూడా నేను తప్పలేదు. సలహా ఇచ్చి ఊరుకోవడానికీ అపాయింట్‌మెంట్ ఇవ్వడానికీ తేడా అదే.

"బతికావు, అది చాలదా, కిలోల గొడవెందుకు" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మార్పిడి తర్వాత వచ్చే షుగర్ కొత్త కిడ్నీనీ దెబ్బతీస్తుంది, గుండెనీ దెబ్బతీస్తుంది. కిడ్నీ బాగా పనిచేస్తుండగానే మనుషులు పోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో గుండె జబ్బు ఒకటి.

సిగ్గు చేయించే పనులు

డయాలసిస్ రోజుల్లో పరిచయమైన ఒక స్నేహితురాలికి నాకంటే ముందు మార్పిడి జరిగింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది. చుట్టాలు గుర్తుపట్టలేదు. ఎవరికీ చెప్పకుండా స్టెరాయిడ్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది. రెండు నెలలకి క్రియాటినిన్ 1.2 నుంచి 2.4కి పోయింది. బయాప్సీ చేసి, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసి, రిజెక్షన్ అన్నారు. ఏ స్టెరాయిడ్‌ని తగ్గించుకుందామనుకుందో అదే స్టెరాయిడ్ వందల మిల్లీగ్రాముల్లో మూడు రోజులు నరంలోకి ఎక్కించాల్సి వచ్చింది. కిడ్నీ నిలబడింది గానీ పాత అంకెకి రాలేదు. ఆమెకి తెలివి లేక కాదు అలా చేసింది. అద్దం ముందు నిలబడి రోజూ ఏడ్చి చేసింది. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే రిజెక్షన్ ఒక్కటే కాదు, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పనిచేయక ప్రాణం మీదకి రావచ్చని కూడా ఆమెకి ఎవరూ చెప్పలేదు.

రెండో దారి పొడులూ టీలూ మాత్రలూ. సహజమైనవే కదా అంటారు. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఒక క్లినిక్‌లో మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ళకి కిడ్నీలు చెడిపోవడం మొదలైంది. మూలికల్లో ఒకదాని బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిందని తేలింది. చివరికి వందమందికి పైగా బాధితులయ్యారు. ఆరోగ్యంగా ఉన్న రెండేసి కిడ్నీలు బరువు తగ్గించే మందుతో పోయాయి, కొందరు మనలాగే మార్పిడి దాకా వచ్చారు. మనకున్నది ఒకటి, అదీ అడిగి తెచ్చుకున్నది. ఇవి కాక మందులతో పడనివి వేరే ఉన్నాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక టాక్రోలిమస్ లెవెల్ పడేస్తుంది, గ్రేప్‌ఫ్రూట్ పెంచేస్తుంది. కొవ్వు ఒంటికి పట్టకుండా చేసే ఆర్లిస్టాట్ మాత్ర సైక్లోస్పోరిన్‌ని కూడా సరిగా పట్టనివ్వదు.

నేను ఎంచుకున్నది మూడో దారి, కడుపు మాడ్చుకోవడం. ఆరు వారాల్లో 4 కిలోలు తగ్గాను. క్రియాటినిన్ 0.8కి దిగింది. గర్వంగా ఉంది. అప్పటికి నేనే అడిగి డైటీషియన్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆవిడ రిపోర్టు చూసి మెచ్చుకోలేదు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమన్నారు. మూడోసారికి లేవలేకపోయాను. "క్రియాటినిన్ కండలోంచి వస్తుందమ్మా. కండ కరిగితే ఆ అంకె తగ్గుతుంది. కిడ్నీ బాగుపడిందని కాదు" అన్నారు. నేను తగ్గించుకున్న 4 కిలోల్లో ఎంత కొవ్వో ఎంత కండో నాకు తెలీదు. ఆ కుర్చీకి తెలుసు.

నా విషయంలో పనిచేసినవి

మొదట డాక్టరుగారు స్టెరాయిడ్‌ని 10 నుంచి 7.5కి, తర్వాత 5 మిల్లీగ్రాములకి దించారు, ప్రతిసారీ రక్త పరీక్ష చూసుకుంటూ. రాత్రి రెండింటి ఆకలి దాంతో సగం పోయింది. నేను ఏడాది పాటు నా బలహీనత అనుకున్నది మోతాదు మారగానే తగ్గడం చూసి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను.

డైటీషియన్ తినొద్దన్నవి తక్కువ. ప్రతి పూటా ప్రోటీన్ ముందు తినమన్నారు, రోజు మొత్తం మీద కిలో బరువుకి గ్రాము చొప్పున. ఆ ప్రోటీన్ మొదట కడుపులో పడితే మిగతాది దానంతటదే తగ్గింది. తాగమన్న రెండున్నర లీటర్లలో చక్కెర ఉన్నది ఏదీ లేకుండా చూశారు. నేను పళ్ళరసాలు కూడా నీళ్ళ లెక్కలోనే వేసుకుంటున్నానని అప్పుడు బయటపడింది. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదన్నారు. ఉప్పు తగ్గాక వారంలో కిలోన్నర దిగింది, అది నీరేనని ఆవిడే ముందుగా చెప్పారు కాబట్టి పొంగిపోలేదు.

వాకింగ్ అందరూ చెప్తారు. నడక మంచిదే గానీ స్టెరాయిడ్ తినేసిన కండ నడకతో తిరిగి రాదు. వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టు నేర్పిన బలం పెంచే వ్యాయామాలు చేశాను. అదే కుర్చీ, తర్వాత రబ్బరు బ్యాండు, తర్వాత చిన్న బరువులు. కొత్త కిడ్నీ పొత్తికడుపులో ముందువైపు ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలే ఆటలు వద్దన్నారు, మిగతావి చేసుకోమన్నారు. మార్పిడి జరిగినవాళ్ళ కోసమే ప్రపంచ ట్రాన్స్‌ప్లాంట్ క్రీడలు 1978లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో మొదలయ్యాయనీ, అందులో వాళ్ళు పరుగెత్తుతారనీ, ఈదుతారనీ తెలిసిన రోజు నా భయం చాలా తగ్గింది. 14 నెలలకి 54 దగ్గర ఆగాను. ఇప్పుడు కుర్చీలోంచి 15 సార్లు లేస్తాను. తూకం వారానికి ఒకసారే. నడుం చుట్టు టేపు నెలకొకసారి. మిషన్‌కి తెలియని సంగతులు టేపు చెప్తుంది.

ఆకలి తగ్గించి బరువు దించే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ల గురించి చాలామంది అడుగుతున్నారు. మార్పిడి జరిగినవాళ్ళలో కూడా డాక్టర్లు వాడుతున్నారు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళకి. వద్దనడానికి నేనెవర్ని? కాకపోతే అవి వాంతులు, విరేచనాలు తెస్తే ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది, విరేచనాలతో టాక్రోలిమస్ లెవెల్ తలకిందులవుతుంది. మన కిడ్నీ డాక్టరుకి తెలియకుండా మొదలుపెట్టే మందు కాదు అది. బరువు తగ్గడానికి చేసే పొట్ట సర్జరీ కూడా అంతే. పేగుని దారి మళ్ళించే రకం చేస్తే మందులు పట్టే తీరే మారిపోవచ్చు.

అక్కకి కూడా ఇప్పుడు ఒక్కటే కిడ్నీ. కిడ్నీ ఇచ్చినవాళ్ళు బరువు పెరగకుండా చూసుకోవాలన్న సంగతి నా వైద్యం గొడవలో మేమంతా మర్చిపోయాం. ఇప్పుడు ఇద్దరం ఆదివారం పొద్దున తూకం చూసుకుని ఒకరికొకరు అంకె పంపుకుంటాం. ఎక్కువొచ్చినా ఎవరం ఏమీ అనుకోం.

మళ్ళీ ఆ బెంచీ దగ్గరికి వస్తాను. వాళ్ళమ్మ నీళ్ళ సీసా నింపుకోడానికి వెళ్ళినప్పుడు ఆ అబ్బాయి నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఆంటీ, స్టెరాయిడ్ సగం మాత్ర వేసుకుంటే ముఖం తగ్గుతుందా?" నా స్నేహితురాలి సంగతి మొత్తం చెప్పాను. ఇదే ప్రశ్న లోపలికెళ్ళి డాక్టరుగారిని అడుగు, మోతాదు ఎప్పుడు తగ్గిస్తారో అడుగు, డైటీషియన్‌కి రాసివ్వమని అడుగు అన్నాను. "అడిగితే తిడతారేమో" అన్నాడు. ఈలోగా వాళ్ళమ్మ వచ్చి నిలబడి వింటున్నారు.

"ఆ మాత్రకి కూడా ఒళ్ళొస్తుందా?" అన్నారావిడ.

"వస్తుందమ్మా. ఆకలీ దానివల్లే ఎక్కువవుతుంది."

ఆవిడ సీసా మూత బిగించి కొడుకు చేతికిచ్చారు. కాసేపు అతని ముఖం వైపు చూశారు. తర్వాత మడతలు పడిన ఆ రిపోర్టు తన చేతిలోకి తీసుకుని, లోపల పేషెంటు బయటికి రాగానే తలుపు దగ్గరికి నడిచారు.